ఆకాశవాణి – ఊరివాణి

రేడియో అందరి సొత్తు అని మనము తరచుగా అనుచుందుము. ప్రజల సొమ్ముతో నడచు ప్రసారసంస్థ ఒక వర్గమునకో, ఒక సీమకో చెందరాదు గదా! అయినను రేడియో పుట్టిన నాటినుండి 'ఇందులో మా మాట వినబడుట లేదు' అను ఫిర్యాదు ఏదో ఒక మూలనుండి వచ్చుచునే యున్నది. చిన్న సమాజములవారు ఇట్లనుటలో వింత లేదు. సంఖ్యలో పెద్దవారు కూడ ఇట్లే అనుట విచారింపదగిన విషయము. ఇంగ్లండులోని ఆంగ్లేయులు పలువురు తమ బి.బి.సి.ని గూర్చి ఈ మాటయే అనుచున్నారు. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానములోని తెలుగువారును ఇదే మాట అనిరి. ఈ రెండింటిని కలిపి చూచినచో ప్రసారమునకును జాతికిని గల సంబంధము కొంత తేటపడును.

ఇందుకు సికిందరాబాదులోని లాలాగూడ మనకు తగిన తావు. నిజాము గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వారు 1893లో ఇచ్చట కర్మాగారమును నెలకొల్పిరి. ఆ కంపెనీ లండనుది, భూమి నిజాముది, పని చేసినవారు నానా భాషలవారు. ఒకే సైరను కూతకు పనిలోనికి పోయిన జనులు సాయంకాలము ఇండ్లకు చేరి తెలుగు, ఉర్దూ, అరవము, ఇంగ్లీషు మాటాడుకొనిరి. ఆంగ్లో ఇండియనులు ఇచ్చట పెద్ద సంఖ్యలో కాపురముండిరి. రైల్వే 1930లో నిజాము ప్రభుత్వము చేతికి, 1951లో సెంట్రల్ రైల్వేలోనికి, 1966లో సికిందరాబాదు ముఖ్యస్థానముగా ఏర్పడిన దక్షిణమధ్య రైల్వేలోనికి పోయినది. యజమానులు మారిరి; పేటలోని పలుకులు మాత్రము నిలిచియుండెను. ఇట్టి పేటలో రేడియో పెట్టె తెరచినప్పుడు అది ఎవరి భాషలో పలుకవలెను?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు డెక్కన్ రేడియో ఇచ్చెను. 1930ల తొలినాళ్లలో మహబూబ్ అలీ అను ఆయన హైదరాబాదు చిరాగ్ అలీ వీధిలో 200 వాట్ల చిన్న కేంద్రమును నడిపెను. 1935 ఫిబ్రవరి 3 నుండి అది నిజాము ప్రభుత్వపు కేంద్రమయ్యెను. తరువాత సరూర్‌నగరులో 5 కిలోవాట్ల యంత్రమును స్థాపించిరి. ప్రసారములలో ఉర్దూది పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడములకు వేళలు కేటాయింపబడినను అవి పక్కపీటలే. సంస్థానపు జనులలో తెలుగు మాటాడువారు సగమునకు దగ్గరగా నుండగా, ఉర్దూ మాతృభాషగా గలవారు ఇంచుమించు పదింట ఒక వంతు మాత్రమే యుండిరి.

ఇది రేడియోతో పుట్టిన బాధ కాదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో జరిగెను. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభ్యులు గేలిచేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను, 1943లో పెద్దలు ఆంధ్ర సారస్వత పరిషత్తును నెలకొల్పిరి. తమ భాష సభలో నవ్వులపాలైనప్పుడు తెలుగువారు సంఘము పెట్టుకొనగలిగిరి. అక్షరములు కూర్చి పత్రిక వేసికొనగలిగిరి. కాని రేడియో కేంద్రమును పెట్టుకొనలేకపోయిరి. కావుననే రేడియోలో చోటు దొరకకపోవుట తక్కిన లోపములకంటె గట్టిగా నాటుకొనును.

అప్పటికే 1938 జూన్ 16న మదరాసు కేంద్రము తెలుగున పలుక మొదలిడెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. ఆ యేటనే సెప్టెంబరు 17న నిజాము హైదరాబాదు రేడియోనుండి తన లొంగుబాటును ప్రకటించెను. 1950 ఏప్రిల్ 1న డెక్కన్ రేడియో అఖిల భారత రేడియోలో చేరిపోయినది. హైదరాబాదు కేంద్రమునుండి తెలుగు హెచ్చెను. ఉర్దూకు 'నైరంగ్' అను కార్యక్రమము మిగిలెను. నిన్నటివరకు పెద్దపీట మీద కూర్చున్న భాషకు ఇప్పుడు పక్కపీట వచ్చినది. ఈసారి లోటు వారికి తోచెను. లాలాగూడలోని ఆంగ్లో ఇండియనుల పరిస్థితి మరొక తీరు. ఢిల్లీనుండి వచ్చు ఇంగ్లీషు వార్తలలో వారి భాష కలదు. వారి జీవితము లేదు. భాష వినబడినంతమాత్రమున తాము వినబడినట్లు కాదని వారినిచూచి గ్రహింపవచ్చును.

ఇక ఇంగ్లండు సంగతి. బి.బి.సి. 1922లో కంపెనీగా పుట్టి 1927లో రాజశాసనము పొందిన సంస్థ అయ్యెను. స్కాట్లండునకు, వేల్సుకు ప్రత్యేక ప్రసారములు తొలి దశాబ్దములనుండియే వచ్చినవి. 1970లలో రేడియో అల్‌స్టర్, రేడియో కమ్రీ, రేడియో వేల్స్, రేడియో స్కాట్లండు అను జాతీయ కేంద్రములు స్థిరపడినవి. ఇంగ్లండునకు 1967లో లెస్టరుతో మొదలైన పట్టణకేంద్రములు కలవు గాని, ఇంగ్లండు పేరిట జాతీయ కేంద్రము లేదు. రాజ్యపు జనాభాలో నూటికి 80మందికి పైగా ఇంగ్లండులో నివసించువారే. 'మమ్ము బ్రిటిషువారనుట తప్ప ఆంగ్లేయులని పిలుచుటకు ఈ సంస్థ వెనుదీయుచున్నది' అని వారిలో కొందరి ఆరోపణ.

దీనిని ఉత్త అపోహ అని త్రోసివేయరాదు. 1999లో స్కాట్లండు, వేల్సులకు సొంత శాసనసభలు వచ్చినపిదప వైద్యము, విద్య మున్నగు వ్యవహారములు వేరైనవి. అయినను లండను వార్తలు ఇంగ్లండునకు మాత్రమే చెందు విషయమును దేశమంతటిదన్నట్లు చెప్పుచుండెను. 2008లో ఆచార్య ఆంథొనీ కింగ్ సమర్పించిన నివేదిక ఈ లోపమును ఎత్తిచూపెను. ఇందులో ఒక చమత్కారము కలదు. స్కాట్లండువారు ఇదే లోపమును చూపి 'ఇది ఆంగ్లేయుల రేడియో' అందురు. ఆంగ్లేయులు అదే చూపి 'ఇందులో మా పేరే లేదు' అందురు. ఇరువురి మాటయు నిజమే. పెద్దవాని గొంతు అందరి గొంతుగా చెలామణి యైనప్పుడు చిన్నవానికి గొంతు పోవును. పెద్దవానికి పేరు పోవును.

యాసల విషయమున కూడ అచ్చటి కథ మనకు పనికివచ్చును. 1941లో యార్కుషైరు పలుకుబడిగల విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత బి.బి.సి. దేశవార్తలు చదివించెను. శత్రువులు అనుకరింపజాలని గొంతు కావలెనని ఒక కారణము చెప్పిరి. ఆయన పలుకు వినోదకార్యక్రమములలో అందరికి నచ్చినదే. అదే పలుకు వార్తలలో వినబడగా శ్రోతలు పలువురు అభ్యంతరపెట్టిరి. ఆయన సొంత దేశపు ఆంగ్లేయులే ఆ వార్తలను నమ్మలేకున్నామనిరి! పాటలో చెల్లిన పలుకు వార్తలో చెల్లలేదు.

ఈ మాట మన తెలంగాణమునకు సూటిగా తగులును. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత హైదరాబాదే రాజధాని. రేడియో కేంద్రము ఇచ్చటనే యుండెను. 1977లో దూరదర్శను కేంద్రము కూడ ఇచ్చటనే వెలసెను. కావున కేంద్రము దూరమైనదన్న బాధ తెలంగాణమునకు లేదు. దగ్గరనున్న కేంద్రము దూరపు పలుకు పలికినదన్నదే బాధ. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మండలములుగా విభజించిరి: ఉత్తరము, దక్షిణము, తూర్పు, మధ్యము. తెలంగాణము ఉత్తరమండలము. పత్రికలకు, పాఠ్యపుస్తకములకు, వార్తలకు ప్రమాణమైనది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మధ్యమండలపు చదువరుల భాష. శ్రీకాకుళమువారికిని, రాయలసీమవారికిని ఇందు తమ పలుకు వినబడలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, రేడియో తెలంగాణమును వెలివేయలేదు. ఒగ్గుకథలు, బతుకమ్మపాటలు, పల్లెపదములు ప్రసారమైనవి. లాలాగూడవంటి పేటలలోని శ్రామికులకై హైదరాబాదు కేంద్రము కార్మికుల కార్యక్రమమును నడిపెను. కాని పాటకు, హాస్యమునకు, పల్లెపాత్రకు తగినదని ఎంచిన పలుకు వార్తకు, ఉపన్యాసమునకు తగదని ఎంచిరి. సినిమాలును ఈ దారినే నడచి, ఆ పలుకును తరచుగా సేవకునికో దుండగునికో అంటగట్టినవి. ఇది ఎవరో ఒకరి కుట్ర అనుటకంటె అలవాటు అనుట సమంజసము. అయితే అలవాటువలన కలుగు గాయము కుట్రవలన కలుగు గాయముకంటె తక్కువ కాదు.

'వార్త అందరికి అర్థము కావలెను గదా' అను వాదము కలదు. అది మంచి వాదమే. కాని తెలంగాణపు 'మొగులు' అనగా మేఘమని, 'ఎరుక' అనగా తెలివిడియని పాత నిఘంటువులే చెప్పుచున్నవి. కావ్యములో కనబడినప్పుడు అచ్చతెలుగు అని మెచ్చుకొను మాట, రైతునోట వినబడినప్పుడు మోటు ఎట్లగును? కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశము ఇట్టి మాటలను జిల్లాలవారీగా ఏర్చి కూర్చినది. నేర్చుకొన దలచినవారికి సాధనము లేకపోలేదు.

తమ పలుకు తమ నాలుకపై నిలువవలెనని జీవితమంతయు ఘోషించిన కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వము భాషాదినోత్సవముగా జరుపుచున్నది. 2014లో రాష్ట్రము ఏర్పడినపిదప దూరదర్శనులో 'యాదగిరి' అను పేరిట తెలంగాణపు చానలు వచ్చినది. ప్రైవేటు చానళ్లు కొన్ని తెలంగాణపు పలుకున వార్తలు చెప్పి జనాదరణ పొందినవి. అయినను వానిలో పెక్కింట ఆ పలుకు నవ్వించు వార్తలకే వాడబడుట గమనింపదగినది. పేరు వచ్చినది, గంభీరమైన వార్తలో గొంతు పూర్తిగా రావలసియున్నది. ఇంగ్లండులో ప్రాంతీయపు యాసలు వార్తలలో నేడు మామూలైనవి. పేరు రావలసియున్నదని వారి కొరత.

ఒకే గొంతును అందరి గొంతు అనుకొనుట ప్రసారమునకు తేలిక. కాని ఇంటిలో రేడియో వినుచున్న పిల్లవాడు తన తల్లి మాట ఆ పెట్టెలో నవ్వుటకే వచ్చుననియు, నమ్ముటకు రాదనియు నేర్చుకొన్నచో, ఆ తేలికకు వెల చెల్లించినది ఆ తల్లియే. ఉర్దూ యేలిన నాడు తెలుగువారికి ఈ సంగతి బాగుగా తెలిసియుండెను. తెలుగు యేలుచున్న నాడు లాలాగూడ క్వార్టర్లలోని ఉర్దూ ఇంటిని, ఇంగ్లీషు ఇంటిని, అరవ ఇంటిని, తెలంగాణపు పల్లెనుండి వచ్చిన ఇంటిని గూర్చి ఆ సంగతిని మరువకుండుట మన విధి.