ఐజిల్‌వర్త్ పడకలు

పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ ఇంటికి చేరతాడా లేదా అన్నది మెదడు ఎంత దెబ్బతిన్నదన్న దాన్నిబట్టే తేలుతుందని సాధారణంగా అనుకుంటాం. ఇంగ్లండు అనుభవం చూస్తే ఆ లెక్క సగమే సరి. 1929 నాటి స్థానిక పాలన చట్టంతో అక్కడి పేదల ఆశ్రమాల ఆసుపత్రులు కౌంటీ కౌన్సిళ్ల చేతికొచ్చాయి. 1935లో లండన్‌కు పడమరనున్న ఐజిల్‌వర్త్‌లో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పొరుగునున్న అలాంటి ఆశ్రమ వార్డులను కలుపుకుంది. ఆ 714 పడకల బాధ్యత మార్జరీ వారెన్ అనే డాక్టరు మీద పడింది. పక్షవాతం, మతిమరుపు, అతకని ఎముకలు అన్నీ అక్కడ 'దీర్ఘరోగం' అన్న ఒకే పద్దు కిందికి వచ్చేవి. లేపే ప్రయత్నం లేకపోవడంతో కీళ్లు బిగుసుకుపోయేవి, ఒంటికి పుండ్లు పడేవి, మలమూత్రాల మీద అదుపు తప్పేది. ఇదంతా జబ్బు ఖాతాలో రాసుకున్నారు గానీ, చాలావరకు మంచం తెచ్చిపెట్టినదే.

వారెన్ ఒక్కొక్కరినీ పరీక్షించి విడదీశారు. వార్డులకు లేతరంగు వేయించారు, గోడల వెంట పట్టుకునే కడ్డీలు పెట్టించారు, నడక సాధన చేయించారు. అలంకారంలా కనిపించే ఈ మార్పులే 'ఈ మనిషి లేస్తాడు' అన్న అంచనాను సిబ్బందిలో కలిగించాయి. కాలక్రమాన పడకలు 240కి తగ్గాయి, మిగిలినవి క్షయరోగులకు పనికొచ్చాయి. ఆమె తన వాదాన్ని 1943, 1946లలో వైద్యపత్రికల్లో రాశారు. అసలు అక్కడ ఉండనక్కర్లేని వాళ్లను పంపేసినంత మాత్రాన వైద్యం గెలిచినట్టా అని అడగవచ్చు. పోల్చిచూసే మరో వార్డు లేదు, వెళ్లినవాళ్లలో కొందరు వృద్ధాశ్రమాలకే వెళ్లారు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. అయినా దశాబ్దాల తర్వాత ప్రత్యేక పక్షవాత వార్డుల మీద జరిగిన యాదృచ్ఛిక పరీక్షలు ఆమె దారినే బలపరిచాయి: మామూలు వార్డుల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే, అక్కడ చికిత్స పొందినవాళ్లలో ఏడాది తర్వాత సొంత ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కువ.

వార్డు సంగతి అది. ఇక ఇంటి సంగతి. రోజువారీ పనులు రోగి ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచే బార్తెల్ సూచిక 1965లో అచ్చయింది; అందులో మొత్తం 100 మార్కులు. మలమూత్రాల అదుపుకు 20, మంచం నుంచి కుర్చీకి మారడానికి 15, నడకకు 15. ఇంటికి వెళ్లే అవకాశాన్ని అంచనా వేయడంలో ఇది బాగానే పనిచేస్తుంది. కానీ ఇంట్లో ఎవరున్నారన్న దానికి అందులో ఒక్క మార్కూ లేదు. రోగి ఒంటరిగా బతుకుతున్నాడా అన్నది మాత్రం అధ్యయనాల్లో పదేపదే తేలే కారణం. జీవితభాగస్వామిని మందుచీటీ మీద రాయలేం కదా అని వైద్యులు అనవచ్చు. రాయలేరు. కానీ 1946 నాటి జాతీయ ఆరోగ్యసేవ చట్టం ఇంటిపనికి మనిషిని పంపే అధికారాన్ని స్థానిక సంస్థలకిచ్చింది. 1950లలో లయనెల్ కోసిన్ అనే డాక్టరు ఆక్స్‌ఫర్డ్‌లో, రోగులు పగలు వచ్చి రాత్రికి ఇంటికి వెళ్లే పగటి ఆసుపత్రి నడిపారు. ఇవి భార్యకు సాటి కావు గానీ, ఆమె మోసే బరువులో కొంత పంచుకున్నాయి. ఆ బరువు గురించి పాత నివేదికలు పెద్దగా మాట్లాడవు. ముసలితనంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీలే ఎక్కువ కాబట్టి, ఒకే మార్కులు వచ్చిన ఇద్దరిలో భార్య ఉన్న మగవాడు ఇంటికీ, వితంతువు వృద్ధాశ్రమానికీ వెళ్లే అవకాశమే ఎక్కువ.