కొత్త డొమైన్ పేర్లు: వర్ధమాన దేశాలకు ఆలస్యంగా అందిన రాయితీ

ఇంటర్నెట్ చిరునామాలో చివరి చుక్క తరువాత వచ్చే పేరును ఉన్నతస్థాయి డొమైన్ అంటారు. 2012లో ఐకాన్ సంస్థ ఇటువంటి కొత్త పేర్లకు దరఖాస్తులు ఆహ్వానించి, ఒక్కొక్క దానికి 1,85,000 డాలర్ల రుసుము నిర్ణయించింది. వర్ధమాన దేశాలవారికి ఇది మోయరాని భారమన్న చర్చ ఫలితంగా రుసుమును 47,000 డాలర్లకు తగ్గించే సహాయ పథకం ఏర్పడింది. దానికి 20 లక్షల డాలర్లు కేటాయించారు.

అయితే మొత్తం 1,930 దరఖాస్తులలో ఈ సహాయం కోరినవి మూడే. అర్హత పొందినది హాంకాంగ్‌కు చెందిన డాట్‌కిడ్స్ ఫౌండేషన్ ఒక్కటే. ఈ వైఫల్యాన్ని రుసుముతో మాత్రమే వివరించలేము. పథకానికి 2011 డిసెంబరులో ఆమోదం లభించగా, 2012 జనవరి 12ననే దరఖాస్తుల స్వీకరణ మొదలైంది. సమాచారం చేరడానికి, నిధులు సమకూర్చుకోవడానికి వ్యవధి లేకపోయింది. అర్హత నిరూపించుకోలేనివారు ఆ విడత నుంచే తప్పుకోవాలన్న నిబంధన కూడా వెనుకాడేలా చేసేదే.

తెలుగు లిపిలోని ‘.భారత్’ ఈ మార్గాన రాలేదు. అది దేశ సంకేతంగా 2011లో లభించింది. లిపికి చోటు దక్కింది గాని, భాషాసమాజం తనంత తానుగా పేరు కోరే దారి ఖరీదైనదిగానే మిగిలింది. 2026 విడతకు రుసుము 2,27,000 డాలర్లు, రాయితీ 75 నుంచి 85 శాతం. సహాయ దరఖాస్తులను 2024 నవంబరు నుంచే స్వీకరించారు. రాయితీ పరిమాణం కన్న అది అందే సమయమే ముఖ్యమని తొలి విడత చరిత్ర నిరూపిస్తున్నది.