రోడ్డు ఎవరికి? సీతంపేట మన్యంలో బాట, సంత, భూమి

అభివృద్ధి ఏదని అడిగితే ఎవరైనా ముందు రోడ్డే చూపిస్తారు. సీతంపేటలోనూ అంతే. "రోడ్డొచ్చింది కదా, ఇంకేటి కావాలి?" అనే మాట ఆఫీసులోనూ వినిపిస్తుంది, టీ బడ్డీ దగ్గరా వినిపిస్తుంది. ఎన్ని కిలోమీటర్లు వేశారు, ఎన్ని లక్షలు ఖర్చయ్యాయి అన్నది ప్రభుత్వ నివేదికల్లో వుంటుంది. ఆ రోడ్డు మీద కొండ నుంచి ఏం దిగింది, కొండకి ఏం ఎక్కింది, దారి పక్క భూమి ఎవరి చేతిలో పడింది అన్నది వుండదు. ఈ వ్యాసంలో మేము తీయదలుచుకున్నది ఆ రెండో లెక్క.

ముందే ఒక మాట చెప్పాలి. రోడ్డు వద్దనే వాదన మాది కాదు. కర్రకి దుప్పటి కట్టి, ఆ డోలీలో నిండు చూలాలిని మోసుకుంటూ కొండ దిగే ఊళ్లు మన్యంలో ఇంకా వున్నాయి. 108 అంబులెన్సు 2005లో వచ్చింది. రోడ్డు ఆగిన చోట అదీ ఆగిపోతుంది. కొండజనం అలా వుంటేనే అందం అనుకునేది కొండ చూడ్డానికి వచ్చి సాయంత్రానికి దిగిపోయేవాళ్లే. రోడ్డు లేకపోవడం కూడా అన్యాయమే. మా ప్రశ్న వేరు. రోడ్డు ఎవరి చేత వేయించారు? ఎవరి అవసరానికి వేశారు? ఎక్కడ ఆపేశారు?

మన్యం రోడ్ల చరిత్ర ఈ ప్రశ్నలతోనే మొదలవుతుంది. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టర్లని ఏజెంట్లుగా పెట్టింది. 'ఏజెన్సీ' అనే పేరు అలా వచ్చిందే. 1882 మద్రాసు అడవుల చట్టం పోడుకీ, మేతకీ అడ్డుపడింది. కలప, చింతపండు కిందికి దిగాలంటే బాట కావాలి. షావుకారూ, పోలీసూ పైకెక్కాలన్నా బాటే కావాలి. కొండవాళ్లకి మాత్రం తమ కాలిబాటలు అప్పటికే వున్నాయి.

1922 తిరుగుబాటుకి ముందు గూడెం కొండల్లో జరిగింది ఈ సంగతే. నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లి వైపు ఘాటు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కొండవాళ్లని బలవంతంగా పనిలోకి దింపాడు. ఇవ్వాల్సిన కూలిలో కొంతే ఇచ్చాడు. ఎదురుతిరిగినవాళ్లకి వేధింపులే దక్కాయి. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు తిరుగుబాటులోకి రావడానికి బాస్టియన్‌తో వచ్చిన తగాదా కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగే నాటికి అడవి చట్టాల మీద కోపానికి రోడ్డు వెట్టి మీద కోపం తోడై వుంది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపారు. మన పాఠ్యపుస్తకాలు ఆయన పేరు రాశాయి, మంచిదే. ఆ ఘాటులో రాళ్లు కొట్టినవాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడవు.

అదే 1924లో, మార్చి 30న, తిరువాన్కూరు సంస్థానంలో వైకోం సత్యాగ్రహం మొదలయింది. గుడి చుట్టూ వున్న రోడ్ల మీద ఈళవులూ, అంటరానివారూ నడవకూడదన్న కట్టుబాటు మీద జరిగిన పోరాటం అది. రెండూ సర్కారు రోడ్లే. ఒకచోట రోడ్డు వెయ్యకపోతే దెబ్బలు, ఇంకోచోట రోడ్డు మీద నడిస్తే దెబ్బలు. దళిత అధ్యయనాల పత్రికలో కొండ రోడ్ల గురించి ఎందుకని అడిగేవాళ్లకి మా జవాబు ఇదే. దారి అనేది ఎప్పుడూ ఉత్త దారి కాదు, అధికారం కూడా. మైదానంలో సిమెంటు రోడ్డు ఊళ్లో మెరుస్తూ వచ్చి మాలపల్లె, మాదిగగూడెం మొదట్లో ఆగిపోవడం చూసినవాళ్లకి, మన్యంలో తారు రోడ్డు మండల కేంద్రం దాటాక సన్నబడటం కొత్తగా అనిపించదు.

పట్నాల్లోనూ ఇదే వరస. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి ఇరుకు పేటల్ని కూల్చారు, వీధులు వెడల్పు చేశారు. వీధి బాగుపడింది. ఆ వీధిలో బతికిన పేదలు పక్క చాళ్లలోకి పోయి ఇంకా ఇరుకున పడ్డారు. మా ఉత్తరాంధ్ర పట్నాల్లో వీధి ఊడ్చేవాళ్లలో, వీధిలో పళ్లమ్మేవాళ్లలో రెల్లి కులస్తులు ఎక్కువ. వీధికి మెరుగులు దిద్దేటప్పుడు ముందు లేచిపోయేది ఆ పళ్లబుట్టే. వీధి బాగవడం వేరు, వీధిలో వాళ్లు బాగవడం వేరు.

మళ్లీ సీతంపేట వైపు వద్దాం. సవరలు, జాతాపులు వుండే ఈ కొండల్లో షావుకార్ల అప్పులకీ, నాములకీ భూములు పోగొట్టుకున్న జనం 1950ల చివరి నుంచి గిరిజన సంఘంగా కూడారు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం వాళ్లతో నిలబడ్డారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి పోతున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి శ్రీకాకుళం పోరాటం సాయుధమయింది. 1970 జులై 10న సత్యం, కైలాసం చంపబడ్డారు.

ఆ తర్వాతే ప్రభుత్వానికి ఈ కొండల మీద శ్రద్ధ పెరిగింది. 1970ల మొదట్లో దేశంలో కొన్ని చోట్ల ప్రయోగంగా పెట్టిన గిరిజనాభివృద్ధి ఏజెన్సీల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ పథకంలో వ్యవసాయం, అప్పుల విముక్తి లాంటి వాటితోపాటు ప్రధాన రోడ్లకి విడిగా డబ్బు పెట్టారు. తిరుగుబాటు జరిగిన చోట రోడ్డుకి అంత తొందరెందుకు? జీపు ఎక్కే రోడ్డు డాక్టరుకీ పనికొస్తుంది, పోలీసుకీ పనికొస్తుంది. ఎవరు ముందు వచ్చారన్నది మాత్రం ఊరి పెద్దవాళ్లని అడిగి రాసుకోవాల్సిన చరిత్ర.

రోడ్డుకి దిక్కు కూడా వుంటుంది. అరకు మీదుగా పోయే కొత్తవలస-కిరండోల్ రైలు మార్గాన్ని 1960ల్లో వేసింది అరకు జనం కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి. 2017లో ఆ దారిలోనే పర్యాటకులకి అద్దాల పెట్టె తగిలించారు. కిందికి ఖనిజం, పైకి పర్యాటకులు. మధ్యలో వున్న ఊళ్లకి మిగిలింది చూస్తూ వుండటం.

సీతంపేట సంతలో ఈ దిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. అనాసపళ్లు, సీతాఫలాలు ఇక్కడ కావిళ్ల లెక్కన అమ్ముతారు. కొండ మీద తోట నుంచి సంత దాకా భుజమే బండి. సంత నుంచి పట్నం దాకా లారీ. అంటే రోడ్డు బాగుపడ్డం వల్ల దూరం తగ్గింది కొనేవాడికి. అమ్మేవాడి దూరం అలాగే వుంది. పండు నిలవ వుండదు, దాచుకోవడానికి చోటు లేదు, సాయంత్రం మళ్లీ కావిడి ఎత్తుకుని కొండెక్కలేడు. అందుకే ధర చెప్పేది లారీ పక్కన నిలబడినవాడు. షావుకారి పట్టు తప్పించడానికని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా సంతలో కావిడి దింపినవాడికి బేరమాడే బలం రాలేదంటే లోపం రోడ్డులో లేదు, రోడ్డు చివర వున్న వ్యాపారంలో వుంది.

ఇక భూమి. 1959 భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించి 1/70 తెచ్చారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1997 సమత తీర్పు ప్రభుత్వానికి కూడా ఈ కట్టడి వుందని చెప్పింది. కానీ రోడ్డు వెడల్పయిన రోజు నుంచి దారి పక్క జాగాకి విలువ పెరుగుతుంది. విలువ పెరిగితే బినామీ వస్తాడు. కాగితం మీద గిరిజనుడి పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకొకడు. అందుకే రోడ్డుకి మంజూరు చేసేటప్పుడే దాని పక్కన 1/70 ఎంత గట్టిగా అమలవుతుందో చూడాలి. లేకపోతే ప్రభుత్వం డబ్బుతో గిరిజనుడి జాగాకి బేరం పెట్టినట్టే.

రోడ్డు ఎక్కడ ఆగుతుందన్నది జనాభా లెక్క తేలుస్తుంది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది వున్న ఆవాసాన్ని అర్హతగా పెట్టింది. 2023లో వచ్చిన జన్‌మన్ పథకం ఆదిమ తెగల ఊళ్లకి ఆ లెక్కని 100కి తగ్గించింది. కొండ సవరలు ఆ తెగల జాబితాలో వున్నారు. మంచి అడుగే. కానీ పోడు చేసుకుంటూ పదిహేను, ఇరవై గడపలుగా బతకడం సవరల బతుకు తీరు. ఆ ఇరవై గడపలు ఏ లెక్కకీ అందవు. డోలీలు ఎక్కువగా దిగేదీ అలాంటి గడపల నుంచే.

చట్టంలో దారి లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) ప్రకారం రోడ్డు, బడి, ఆసుపత్రి లాంటి వాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి వాడుకోవచ్చు. హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు వుండాలి. 1996 పెసా చట్టం గ్రామ సంతల నిర్వహణ, వడ్డీ వ్యాపారం మీద అదుపు, పోయిన భూమిని తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకీ, పంచాయితీకీ వుండాలంది. అంటే రోడ్డు, సంత, అప్పు, భూమి ఈ నాలుగూ ఒకే సభ ముందుకి రావాలని చట్టమే చెప్తోంది. ఆచరణలో రోడ్డు ఇంజనీరు దగ్గర, సంత వేలం పాటగాడి దగ్గర, అప్పు షావుకారి దగ్గర, భూమి రెవిన్యూ కచేరీలో వుంటున్నాయి. గ్రామసభకి మిగిలేది సంతకం.

కాబట్టి రోడ్డు వల్ల లాభమా నష్టమా అన్న చర్చని మేము ఇలా తిప్పి అడుగుతున్నాం. రోడ్డు మొదటి మీటరు మండల కేంద్రంలో కాకుండా కొండ మీది చివరి గడప దగ్గర ఎందుకు మొదలవదు? కావిడి దిగే చోట తూకం, నీడ, నిలవ చేసే చోటు లేకుండా లారీ తిరిగే చోటు ముందెందుకు వస్తోంది? ఆ రోడ్డు పనిలో మట్టి మోసినవాళ్లకి కూలి ఎంత ముట్టింది? ఈ మూడో ప్రశ్న వందేళ్ల కిందట గూడెంలో అడిగిందే. మన్యం ఊళ్ల విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ ప్రశ్నల్ని గ్రామసభలో అడిగి, వచ్చిన జవాబుల్ని తారీకులతో, కూలి లెక్కలతో, పేర్లతో రాసిపెట్టాలి. ఇంజనీరు కొలతల పుస్తకంలో రాళ్ల లెక్క ఎలాగూ వుంటుంది. మనుషుల లెక్క మనం రాస్తేనే వుంటుంది.