కోట్ కిరానా నుంచి అనంతపురం వరకు: సామాజిక తనిఖీ బృందాల శిక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: అవినీతి నిరోధానికి పనిచేసే పౌరబృందాలు పర్యవేక్షణ, మూల్యాంకనం, అభ్యసనం అనే మూడు పనులను ఎలా నేర్చుకున్నాయి అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం. రాజస్థాన్‌లోని జన్ సున్వాయిలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఉపాధి హామీ సామాజిక తనిఖీలు ఇందుకు ఆధారాలు. తనిఖీ బృందాలకు ఇచ్చిన శిక్షణకూ, అవి పట్టుకోగలిగిన అక్రమాల స్వభావానికీ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: సామాజిక తనిఖీ, జన్ సున్వాయి, ఉపాధి హామీ, మస్టర్ రోలు, మూల్యాంకనం, శిక్షణ.

ఉపోద్ఘాతం

బడి కట్టించిన సంస్థ గదుల లెక్క చూపగలదు. టీకాలు వేయించిన సంస్థ పిల్లల లెక్క చూపగలదు. అవినీతిని ఎదిరించే సంస్థకు ఆ వెసులుబాటు లేదు. అది కొలవవలసిన వస్తువే దాగి ఉండటానికి ప్రయత్నిస్తుంది. ఒక మండలంలో నిరుడు పది దొంగ పేర్లు బయటపడి, ఈ ఏడు ముప్ఫై బయటపడితే అక్రమం పెరిగినట్టా, వెతికేవారి చూపు పదునెక్కినట్టా? ఈ ప్రశ్నకు అంకెల పట్టిక ఒక్కటే జవాబు చెప్పలేదు. పర్యవేక్షణ, మూల్యాంకనం, అభ్యసనం అనే మాటలు స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో నేడు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. ఆ పేర్లు వాడకుండానే, ఆ పనులను మన దేశంలో కూలీలు చెట్ల కింద, షామియానాల కింద చేసి చూపారు. ఆ చరిత్రకు తెలుగు నేలతో గాఢమైన సంబంధం ఉంది.

కాగితం చదవటమే తొలి పాఠం

1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ మధ్య రాజస్థాన్‌లోని దేవ్‌డుంగ్రి అనే పల్లెలో స్థిరపడ్డారు. అరుణా రాయ్ అప్పటికే ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదిలివేశారు. కరవు పనుల్లో కనీస వేతనం దక్కటం లేదన్నది అక్కడి కూలీల ప్రధాన ఫిర్యాదు. అడిగితే అధికారుల జవాబు ఒక్కటే: కొలతల పుస్తకం ప్రకారం మీరు అంత పని చేయలేదు. ఆ పుస్తకం చూపమంటే అది రహస్యం. 1990 మే 1న భీమ్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. వేతన పోరాటం క్రమంగా కాగితాల పోరాటంగా మారటానికి మూలం ఈ జవాబులోనే ఉంది.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి జన్ సున్వాయి జరిగింది. చేజిక్కిన రికార్డులను జనం మధ్య గట్టిగా చదివారు. మస్టర్ రోలులో పేరు, పనిదినాలు, కూలి మొత్తం, వేలిముద్ర ఉంటాయి. గుమాస్తాకు అది చెల్లింపు పత్రం. ఊరివారి ఎదుట చదివినప్పుడు అదే పత్రం సాక్ష్యమైంది. ఏ పేరు గలవారు ఆ పనికి రాలేదో, ఏ కట్టడం నేలమీద లేదో చెప్పగలిగినవారు ఆ ఊరివారే. చదువు రాని కూలీ కూడా వినగలడు, విన్నదాన్ని తన జ్ఞాపకంతో పోల్చి చూడగలడు. మూల్యాంకనానికి ఇంతకుమించిన నిపుణుడు వేరొకడు లేడన్నది ఆ సభ చేసిన ఆవిష్కరణ. దానికి కావలసిందల్లా కాగితాన్ని నోటిమాటగా మార్చగల మధ్యవర్తి. ఆ మధ్యవర్తిని తయారు చేయటమే తరువాతి కాలంలో శిక్షణ అనిపించుకుంది. పాటలు, తోలుబొమ్మలు, వీధి నాటకాలు ఈ బోధనలో భాగమయ్యాయి. బ్యావర్‌లో 1996లో నలభై రోజులు సాగిన ధర్నా సమాచార హక్కు కోరికను దేశం దృష్టికి తెచ్చింది. రాజస్థాన్‌లో 2000లో, దేశమంతటికీ 2005లో చట్టం వచ్చింది.

ఈ తొలి దశలో జన్ సున్వాయి అరుదుగా జరిగే ఘటన. ఒక ఉద్యమ సంస్థ, కొన్ని పంచాయతీలు, చాలా పట్టుదల దానికి ఆధారం. దాన్ని ప్రతి ఊళ్లో, ప్రతి ఆరునెలలకూ జరిగే పనిగా మార్చటం వేరే సమస్య. ఆ సమస్య తెలుగు ప్రాంతం ముందుకు వచ్చింది.

అనంతపురం: ఉద్యమం నుంచి వ్యవస్థకు

2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్, పనులపై గ్రామసభ క్రమం తప్పకుండా సామాజిక తనిఖీ జరపాలని నిర్దేశించింది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ పథకాన్ని ప్రారంభించినది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. తొలి విడతలోని 200 జిల్లాల్లో 13 ఆంధ్రప్రదేశ్‌వి. ఆ సెక్షన్ చాలా రాష్ట్రాల్లో కాగితం మీదే ఉండిపోయింది. అదే శాఖ పని చేస్తూ అదే శాఖ లోపాలు వెదకటం ఎవరికీ ఇష్టమైన వ్యవహారం కాదు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ మాత్రం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవాన్ని, స్వచ్ఛంద సంస్థల సహాయాన్ని తీసుకుని 2006లోనే ప్రయోగాలకు దిగింది. రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిడాంబి ఈ పనిలో ముఖ్యపాత్ర వహించారు. ఆ ఏడాది అనంతపురం జిల్లాలో స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు పెద్ద సంఖ్యలో ఊరూరా తిరిగి జరిపిన తనిఖీ ఒక విధంగా వారికి బహిరంగ పాఠశాల.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. రాజస్థాన్‌లో రాజ్యానికి ఎదురుగా నిలిచిన పద్ధతి, ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యం ఆహ్వానంతో ప్రవేశించింది. దానివల్ల రికార్డులు అందటం సులువైంది, విస్తృతి సాధ్యమైంది. ఉద్యమ స్వభావం కొంత పలచబడింది కూడా. ఈ రెంటిలో ఒకదాన్ని మాత్రమే చెప్పే రచనలు చాలా ఉన్నాయి. నిజానికి ఈ వ్యవస్థ రెండు ఒత్తిళ్ల మధ్యనే పెరిగింది. 2009లో సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకతల కోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడి, సౌమ్య కిడాంబి దాని సంచాలకులయ్యారు. పథకం వ్యయంలో అర శాతం తనిఖీలకు కేటాయించటంతో బృందాలు తాము తనిఖీ చేసే అధికారుల వద్ద ప్రతిసారీ చేయి చాచవలసిన పని తప్పింది. శిక్షణ ఎంత గొప్పదైనా, కిరాయి జీపు కోసం ఎంపీడీఓను అడగవలసి వచ్చే తనిఖీదారు స్వతంత్రుడు కాలేడు.

శిక్షణలో ఏముంది?

రాష్ట్ర, జిల్లా స్థాయి రిసోర్సు పర్సన్లు ఈ వ్యవస్థకు వెన్నెముక. వారు మండలానికి ముందుగా చేరి మస్టర్లు, చెల్లింపు పత్రాలు, కొలతల పుస్తకాలు తెప్పించుకుంటారు. ఆ తరువాత కూలి కుటుంబాల్లో చదువుకున్న యువతీయువకులను ఎంపిక చేసి, రెండు మూడు రోజుల్లో గ్రామ సామాజిక తనిఖీదారులుగా తయారు చేస్తారు. చట్టంలోని హక్కులు, మస్టరు చదివే తీరు, జాబ్ కార్డునూ పాస్‌బుక్కునూ చెల్లింపు జాబితాతో సరిపోల్చే తీరు, గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచే తీరు – పాఠాలు ఇవే. ఆపై బృందం ఊళ్లోనే బస చేస్తుంది. తనిఖీకి గురయ్యేవారి ఆతిథ్యం స్వీకరించరాదన్నది నియమం. ఇంటింటికీ తిరిగి, కూలీ చెప్పినది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. గ్రామసభ అనంతరం మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. అక్కడ ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, పోస్టల్ సిబ్బంది అందరి ఎదుట జవాబు చెప్పుకోవాలి.

ఈ శిక్షణలో చెప్పకుండా నేర్పే పాఠం ఒకటి ఉంది. వేతన కూలీ ఇంటి బిడ్డ, రికార్డుల కట్ట పట్టుకుని ప్రభుత్వ సిబ్బందిని ప్రశ్నించటం. గ్రామీణ కుల, వర్గ సంబంధాలు తెలిసినవారికి దీని బరువు తెలుస్తుంది. అయితే అదే బంధుత్వాలు తనిఖీదారును లొంగదీయగలవు కూడా. 2011లో కేంద్రం జారీ చేసిన ఆడిట్ నియమాలు ఆంధ్రప్రదేశ్ అనుభవాన్ని చాలావరకు స్వీకరించాయి. ప్రతి రాష్ట్రంలో స్వతంత్ర తనిఖీ విభాగం ఉండాలన్నాయి. ఒక పంచాయతీ నివాసి ఆ పంచాయతీ తనిఖీలో రిసోర్సు పర్సన్‌గా ఉండరాదన్న నిబంధన ఈ ఎరుక నుంచి వచ్చినదే.

ఎరుక ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో 2009లో భిల్వాడాలో పెద్ద తనిఖీ జరిగాక సర్పంచుల ప్రతిఘటన ఆ ఒరవడిని ఆపివేసింది. జార్ఖండ్‌లోని పలామూ జిల్లాలో 2008 మేలో ఉపాధి హామీ పనుల పరిశీలన సాగుతున్న రోజుల్లోనే, దానికి తోడ్పడుతున్న కార్యకర్త లలిత్ మెహతా హత్యకు గురయ్యాడు. తనిఖీ బృందాల భద్రత శిక్షణ ప్రణాళికలో అనుబంధాంశం కాదనటానికి ఇంతకంటే నిదర్శనం అక్కర లేదు.

తనిఖీకే తనిఖీ

ఆంధ్రప్రదేశ్ ప్రయోగంపై రెండు మూల్యాంకనాలు ప్రత్యేకంగా చర్చించదగినవి. యామిని అయ్యర్, సలీమా సాంజీ 2009లో వెలువరించిన అధ్యయనం కడప, మెదక్, ఖమ్మం జిల్లాల కూలీలను తనిఖీకి ముందు, నెల తరువాత, ఆరు నెలల తరువాత ప్రశ్నించిన సర్వే మీద ఆధారపడింది. పథకం గురించిన అవగాహన తనిఖీ తరువాత బాగా పెరిగింది, ఆరు నెలలకు కూడా నిలిచింది. అంటే తనిఖీ ఒక లోపాన్వేషణ మాత్రమే కాదు, వయోజన విద్య కూడా.

ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఇవర్సెన్ 2014లో ప్రచురించిన అధ్యయనం అంత ఊరటనిచ్చేది కాదు. ఎనిమిది జిల్లాల్లో 2006–10 మధ్య వరుసగా జరిగిన తనిఖీల నివేదికలను వారు పరిశీలించారు. తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా మొత్తం అక్రమాలు తగ్గిన దాఖలా కనిపించలేదు. వాటి స్వరూపం మాత్రం మారింది. సులువుగా పట్టుబడే కూలి సంబంధ అక్రమాలు తగ్గుముఖం పట్టాయి, పట్టుకోవటం కష్టమైన సామగ్రి సంబంధ అక్రమాలు పెరిగాయి. పోయినట్టు తేలిన సొమ్ములో 87 శాతం అప్పటికి వసూలు కాలేదు. ఉద్యోగం పోవటం వంటి తీవ్ర చర్యతో ముగిసిన అక్రమాలు ఒక శాతం కూడా లేవు.

ఈ ఫలితాన్ని శిక్షణ దృష్టితో చదవటం అవసరం. కూలి విషయంలో సాక్షి ఊళ్లోనే ఉంటాడు. ‘నేను ఆ పనికి పోలేదు’ అన్న ఒక్క మాటతో దొంగ పేరు తేలిపోతుంది. కంకర, ఇసుక, రాళ్ల విషయంలో అలాంటి సాక్షి లేడు. ఎన్ని ట్రాక్టర్ల మట్టి వచ్చిందో, ధర ఎంతో, రోడ్డు మందం అంచనాకు సరిపోయిందో తేల్చటానికి ఇంజనీరింగు లెక్క కావాలి. మూడు రోజుల పాఠం ఆ లెక్క దాకా వెళ్లదు. అక్రమార్కుడు సాక్షి లేని చోటికి జరిగాడు. మరో మాటలో, తనిఖీ బృందం కంటే తనిఖీకి గురయ్యేవారే వేగంగా అభ్యసించారు. అక్రమాల సంఖ్యను విజయానికో వైఫల్యానికో కొలమానంగా తీసుకోవటంలోని ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. నివేదికలో లేని అక్రమం జరగనిదో, కనిపించనిదో నివేదిక చెప్పదు. అధ్యయన రచయితలకు ఈ పరిమితి తెలుసు. దాన్ని ఉటంకించిన అనేకులు మాత్రం ఈ జాగ్రత్తను వదిలేశారు.

వసూలు సంగతి శిక్షణ పరిధికి అవతలిది. తనిఖీ సొసైటీకి నిర్ధారించే అధికారం ఉంది, శిక్షించే అధికారం లేదు. ప్రజావేదికలో ఒప్పుకున్న సొమ్ము వసూలు చేయవలసినది శాఖే. ఈ లోటును పూడ్చటానికి రాష్ట్ర శాసనసభ 2012లో సామాజిక తనిఖీ ప్రోత్సాహం, అవినీతి చర్యల నివారణ కోసం ప్రత్యేక చట్టం చేసింది. సామాజిక తనిఖీ విషయంలో అనుభవం ముందు, చట్టం వెనుక నడిచిందనటానికి ఇదొక ఉదాహరణ. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేర్వేరు సొసైటీలు ఈ పనిని కొనసాగించాయి. 2017లో మేఘాలయ ఉపాధి హామీకే పరిమితం కాకుండా ఇతర ప్రభుత్వ పథకాలకూ వర్తించే సామాజిక తనిఖీ చట్టం చేసింది.

శిక్షణ వైపు కూడా మార్పు వచ్చింది. కాగ్ భాగస్వామ్యంతో 2016లో సామాజిక తనిఖీ ప్రమాణాలు రూపొందాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ రిసోర్సు పర్సన్ల కోసం 30 రోజుల సర్టిఫికెట్ శిక్షణను, స్వయం సహాయక సంఘాల మహిళల కోసం నాలుగు రోజుల శిక్షణను చేపట్టింది. చెట్టు కింద చదివిన మస్టరు తరగతి గదిలోకి వచ్చింది. ఊళ్లో ఇంటింటికీ తిరిగే సంఘం మహిళకు దక్కినది మాత్రం ఆ నాలుగు రోజులే. కంకర గుట్ట ఎదుట మొదట నిలబడవలసినది ఆమెయే.