వయసెంత? - బొగ్గుబాయి లెక్క, శాస్త్రం లెక్క

మా తాతకు మూడు వయసులుండేవి. మొదటిది బొగ్గుబాయి రికార్డులోని వయసు. పనిలో చేరిననాడు గుమాస్తా అడిగితే ఆయన తోచిన సంఖ్య చెప్పాడు, అది రిజిస్టరుకెక్కింది. రెండవది ఆయన తల్లి లెక్క: "రజాకార్ల గడబిడనాటికి గొడ్లు కాసే ఈడు." మూడవది ఒంటి లెక్క. పని మానిన యేడు రికార్డు ప్రకారం ఆయనకు అరవై. తల్లి లెక్కన అరవై నాలుగో, ఐదో. నాలుగు మెట్లెక్కి ఆయాసంతో గడప పట్టుకొని నిలబడినప్పుడు చూస్తే ఎనభై. ఎవరైనా "నీకెన్నేండ్లు తాతా?" అని అడిగితే, "ఏది గావాలె బిడ్డా, కాయితంలదా, పానంలదా?" అని నవ్వేవాడు.

ఆ రోజుల్లో అది పరిహాసమనుకొన్నాను. చాలాకాలం తరువాత వార్ధక్యాన్ని గురించిన శాస్త్రగ్రంథాలు తిరగేస్తుంటే, ఆధునిక జీవశాస్త్రం వేస్తున్న ప్రశ్న కూడా సరిగ్గా అదేనని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసుకొనేందుకే ఈ నాలుగు మాటలు. విషయం కొంత దారి తప్పి తిరుగుతుంది, చదువరులు మన్నించాలి.

* * *

గోదావరి లోయలో బొగ్గున్నదని 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో గుర్తించాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పడిన 1920ల చివరికాలంలోనే బెల్లంపల్లిలో గనులు తెరుచుకొన్నాయి. అంతకుముందు అడవీ, నాలుగు గుడిసెలూ ఉన్నచోట కూలిలైన్లు, దొరల బంగళాలు, విద్యుత్కేంద్రం, సైరన్ వెలిశాయి. ఆదిలాబాదు జిల్లాలో ఉండిన ఈ పట్టణం 2016 నుండి మంచిర్యాల జిల్లాలో ఉన్నది.

కరీంనగర్ పల్లెల నుండీ, ఆదిలాబాదు అడవి అంచుల నుండీ పనికోసం వచ్చినవారికి పుట్టినతేదీ కాగితం ఎక్కడిది? కరువుల పేర్లతో, పుష్కరాల పేర్లతో, ఊరి దొర ఇంటి పెండ్లి గుర్తుతో వయసు లెక్కపెట్టుకొన్నవారు వాళ్ళు. గనుల చట్టం మాత్రం ప్రతి కార్మికుడి వయసునూ రిజిస్టరులో వ్రాయమన్నది. అనుమానం వచ్చినచోట వైద్యుడు పండ్లు చూసి, ఎముకల ఫోటో తీసి తేల్చేవాడు. అయితే ఎముకల చివర్లు అతుక్కొనే ప్రక్రియ పాతికేళ్ళలోపే ముగుస్తుంది. ఆపైన ఎముకను చూసి ముప్పైకీ నలభైకీ తేడా చెప్పడం అంచనాయే తప్ప కొలత కాదు. అంత బలహీనమైన అంచనా మీద ఒక మనిషి సర్వీసూ, పింఛనూ, మిగిలిన బ్రతుకూ ఆధారపడ్డాయి. మారుపేర్లతో చేరినవారి కథ మరొకటి. వాళ్ళకు వయసే కాదు, పేరు కూడా రెండు.

ఇక్కడ యయాతి గుర్తుకు వస్తాడు. శుక్రాచార్యుని శాపంతో అకాల వార్ధక్యం పాలైన ఆ రాజు కొడుకులను పిలిచి, "నా ముసలితనం పుచ్చుకొని మీ యౌవనం ఇవ్వండి" అని అడిగాడు. చివరివాడైన పూరుడు ఒప్పుకొన్నాడు. ఈ కథను పొన్నిగంటి తెలగన పదహారవ శతాబ్దంలో అచ్చతెలుగులో కావ్యంగా వ్రాసి పటాన్‌చెరువు పాలకుడు అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. అచ్చతెలుగు కావ్యానికి మొదటి కథగా ఒక తెలంగాణ కవి ఎన్నుకొన్నది ముసలితనపు బేరాన్ని!

బొగ్గుబాయిలో ఈ కథ తలక్రిందులుగా నడిచింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన పిమ్మట, వైద్యకారణాలతో పనికి అనర్హుడని తేలిన కార్మికుని బిడ్డకు ఉద్యోగమిచ్చే కారుణ్య నియామకాల మార్గం ఒకటి మిగిలింది. తండ్రికి ఒంట్లో ముసలితనమో జబ్బో ఉన్నదని వైద్యుల మండలి ధ్రువీకరిస్తేనే కొడుకు యౌవనానికి ఒక దారి. యయాతి కొడుకు యౌవనం అడిగాడు. మా ఊరి తండ్రి తన ముసలితనానికి ముద్ర వేయించుకొని కొడుకు చేతిలో పెట్టాడు. 2021లో పదవీ విరమణ వయసు అరవై నుండి అరవై ఒకటికి పెరిగినప్పుడు కొన్ని ఇళ్ళలో సంతోషం, కొన్ని ఇళ్ళలో నిట్టూర్పు ఎందుకు వినవచ్చాయో బయటివారికి చెప్పడం కష్టం.

* * *

ముసలితనాన్ని జయించాలన్న కోరిక కొత్తది కాదు. ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో రసాయనతంత్రం ఒకటి. దాని లక్ష్యమే జరావ్యాధులను దూరం చేయడం. అశ్వినుల దయతో పడుచువాడైన చ్యవనుని పేరు నేటికీ లేహ్యపు డబ్బాలమీద ఉన్నది. శ్రీశైలం కొండలకూ సిద్ధ నాగార్జునుని రసవాదానికీ ముడిపెట్టే కథలు మనకు కొల్లలు. ఆ పాదరసం ఎందరిని చిరంజీవులను చేసిందో గాని, అది విషమన్న సంగతి మాత్రం నిశ్చయం.

వార్ధక్యాన్ని ప్రయోగశాలకు తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు ఇల్యా మెచ్నికాఫ్. 1882లో మెస్సీనా సముద్రతీరంలో ఆయన పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలో ఒక ముల్లు గుచ్చి, మరునాడు ఆ ముల్లుచుట్టూ కణాలు మూగి ఉండటం చూశాడు. అన్యపదార్థాన్ని మింగే భక్షకకణాల సిద్ధాంతం అలా మొదలైంది. 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. 'జెరంటాలజీ' అన్న మాటను 1903లో పుట్టించినవాడూ ఈయనే. పేగులలోని సూక్ష్మజీవులే ముసలితనానికి మూలమని నమ్మి, పుల్లని పాలు సేవిస్తూ, 1916లో 71వ యేట కన్నుమూశాడు.

మెచ్నికాఫ్ కనుగొన్న ఆ కణాలను బొగ్గుబాయిలో ఊహించండి. సొరంగంలో మందుపాతర పేలిన తరువాత లేచిన దుమ్ములో అతిసన్నని రేణువులు ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోతాయి. భక్షకకణం వచ్చి మింగుతుంది, జీర్ణించుకోలేదు. కొంతకాలానికి చచ్చి, మింగినదాన్నే కక్కుతుంది. మరొక కణం వచ్చి మళ్ళీ అదే మింగుతుంది. ఈ ఎడతెగని మంటలో మెత్తని ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. రాతిదుమ్ములోని సిలికా తోడైతే నష్టం మరింత ఎక్కువ. బాయిపని మానినా లోపలి మంట ఆరదు. వయసుతోపాటు అందరి ఒంటిలోనూ ఇటువంటి సన్నని మంట పెరుగుతుందనీ, అనేక వృద్ధాప్య వ్యాధులకు అది సామాన్యమైన నేపథ్యమనీ 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ ప్రతిపాదించాడు. మా తాత గడప పట్టుకొని నిలబడినప్పుడు కనిపించిన ఎనభై, ఉత్త ఉపమానం కాదన్నమాట.

* * *

ఆయుర్దాయాన్ని పెంచవచ్చునని మొదట గట్టిగా చూపినది ఎలుక. 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే, విటమిన్లు, ఖనిజాలు లోపించకుండా మేత మాత్రం తగ్గించి పెంచిన ఎలుకలు ఎక్కువకాలం బ్రతికాయని ప్రకటించాడు. 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, మామూలు మానవకణాలు గాజుపాత్రలో సుమారు యాభైసార్లు విభజన చెంది ఆగిపోతాయని చూపాడు. 1993లో సింథియా కెన్యన్ ఒకే జన్యువును మార్చి ఒక చిన్న నులిపురుగు జీవితకాలాన్ని రెట్టింపు చేసింది. అంతవరకు అరుగుదల అనుకొన్న ముసలితనానికి మీటలున్నాయని, వాటిని తిప్పవచ్చునని అప్పుడు అర్థమయింది.

రాపమైసిన్ కథ మరీ చిత్రం. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఈ పదార్థాన్ని వేరుచేసినవాడు భారతసంతతికి చెందిన సురేంద్రనాథ్ సెహగల్. మాంట్రియల్‌లోని ప్రయోగశాల మూతపడినప్పుడు ఆ సూక్ష్మజీవిని ఇంటికి తీసుకుపోయి, ఫ్రీజరులో దాచి కాపాడాడు. 1999లో అది మూత్రపిండ మార్పిడి రోగులకు మందుగా అనుమతి పొందింది. 2009లో అమెరికాలోని మూడు ప్రయోగశాలలు దాన్ని 600 రోజుల ఎలుకలకు, అంటే మనిషి లెక్కన అరవై దగ్గరపడినవాటికి, పెట్టి చూశాయి. గరిష్ఠ జీవితకాలపు కొలతలో ఆడ ఎలుకలకు 14 శాతం, మగవాటికి 9 శాతం ఆయుష్షు పెరిగింది. పదవీ విరమణ వయసులో మొదలుపెట్టినా ఫలితముందన్నమాట! అయితే మనిషి ఆయుష్షును పెంచుతుందని రుజువు కాలేదు. రోగనిరోధకశక్తిని అణచే మందు కనుక సొంతవైద్యానికి పనికిరాదు.

ఈ చరిత్రలో మనవారి పాలు చిన్నది కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కెతో కలిసి 1929లో కండరపు శక్తికి ఆధారమైన ఏటీపీని కనుగొన్నాడు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, ఆరియోమైసిన్ ఆయన పర్యవేక్షణలో వెలువడ్డాయి. లక్షలమందికి ఆయుష్షు పోసినవాడు 1948లో 53వ యేట పోయాడు. తరువాతి తరంలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన కల్లూరి సుబ్బారావు, ముసలి ఎలుకల మెదడుకణాలలో డీఎన్‌ఏ తెగుళ్ళను బాగుచేసుకొనే శక్తి తగ్గుతుందని చూపాడు. ఆ కణాల సారానికి తగ్గిన ఎంజైములను బయటినుండి చేర్చితే మరమ్మతు మళ్ళీ సాగిందని ఆయన బృందం 2005లో ప్రకటించింది. గని కప్పుకు దన్నుకర్రలు పెట్టే టింబర్‌మన్ తగ్గిపోతే గని కూలుతుంది. కర్రలు, మనుషులు అందితే నిలుస్తుంది. ఈ పరిశోధన చదివినప్పుడు నాకు తోచిన పోలిక ఇది.

* * *

మూడవ వయసును కొలిచే సాధనం కూడా వచ్చింది. మన డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి, వయసుతోపాటు అవి ఒక క్రమంలో మారుతాయి. 2013లో స్టీవ్ హార్వత్ అటువంటి 353 చోట్లను చూసి, ఏ కణజాలం నుండైనా వయసును మూడు నాలుగేళ్ళ తేడాతో చెప్పే పద్ధతి కనిపెట్టాడు. ఈ లెక్క క్యాలెండరు వయసుకన్న ఎక్కువ చూపినవారిలో మరణాపాయం కొంత అధికమని తరువాతి పరిశీలనలు చెప్పాయి. ఎముకల ఫోటోకు చేతకానిది రక్తపుబొట్టుకు చేతనైంది. అయితే ఈ గడియారం చూపేది గుంపు లెక్కలలోని మొగ్గు. ఒక్క మనిషిని నిలబెట్టి నీకింకా ఇన్నేళ్ళని చెప్పేందుకు చాలదు. రేపెప్పుడైనా దీనిని ఉద్యోగాల మండళ్ళు వాడుకొంటే ఎవరికి మేలో కూడా ఆలోచించవలసిందే.

మరి ఆరోగ్యంగా ఎక్కువకాలం బ్రతికే ఉపాయమేది? "తక్కువ తినండి, ఒళ్ళు వంచండి" అని పట్నాల సలహా. బెల్లంపల్లిలో ఈ సలహా వింతగా ధ్వనిస్తుంది. తట్ట, చెమ్మసు పట్టి టబ్బులు నింపినవాడికంటె ఒళ్ళు వంచినవాడెవడు? 1953లో జెరెమీ మారిస్ లండన్ బస్సులను పరిశీలించి, కూర్చొనే డ్రైవరుకన్న మెట్లెక్కి దిగే కండక్టరుకు గుండెజబ్బు తక్కువని చూపాడు. వ్యాయామశాస్త్రానికి అది పునాది. కాని ఇష్టంగా చేసే వ్యాయామం, విశ్రాంతి లేని బరువుపని ఒకటి కావని ఇటీవలి పరిశోధనలు గుర్తిస్తున్నాయి. మొదటిది ఆయుష్షును కాపాడుతుంటే, రెండవది మగవారిలో కొంత హానితో ముడిపడి కనిపిస్తున్నది. రాత్రి షిఫ్టును 2007లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, బహుశా క్యాన్సరు కారకమైనవాటిలో చేర్చింది.

తిండి సంగతీ అంతే. మెకే ఎలుకలకు పోషకాలు లోపించలేదు, ఆకలిగొన్న పల్లెకు ఆ వసతి లేదు. 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఊళ్ళలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా అందింది, మిగిలినచోట్ల అందలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ళవారైనాక పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్ళవారు కొంచెం పొడవుగా ఉండటమే కాక, వారి రక్తనాళాల బిరుసుదనం, ఇన్సులిన్‌కు ఒళ్ళు లొంగని గుణం తక్కువగా ఉన్నాయని 2008లో వెల్లడైంది. అరవయ్యోయేట కనిపించే ముసలితనానికి విత్తనం తల్లికడుపులోనే పడుతుందనడానికి ఇంతకంటె దగ్గరి సాక్ష్యం నాకు తెలియదు.

1940లలో సగటు భారతీయుని ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు, ఇప్పుడు 70 దాకా వచ్చింది. ఈ పెరుగుదలను ఇచ్చినది అమృతం కాదు. టీకా, మంచినీరు, మందు, పసిబిడ్డ బ్రతకడం ఇచ్చాయి. ఇకముందు రాపమైసిన్ వంటిదేదైనా మనిషికీ పనిచేస్తే సంతోషమే. కాని దుమ్ముమీద నీళ్ళు చల్లే గొట్టం, బీడీ మానడం, రక్తపోటు మాత్ర, కంటినిండా నిద్ర - ఇవి ఇప్పటికే మన చేతిలో ఉన్న రసాయనాలు. వీటికి ఏ సిద్ధుని రహస్యమూ అక్కరలేదు.

బెల్లంపల్లిలో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటిలోకి దిగినవారు మాత్రం సాయంత్రం పూట అరుగులమీద కనిపిస్తారు. మొన్న వెళ్ళినపుడు తాత ఈడువాడైన ఒక పెద్దాయనను అలవాటుగా వయసడిగాను. ఆయన కాసేపు దగ్గి, ఊపిరి కూడదీసుకొని, "దిగినప్పుడు ఇరవై. ఎక్కినంక లెక్కవెట్టలె" అన్నాడు.

మీ ఊళ్ళలో పెద్దలు తమ వయసును ఏ గుర్తుతో లెక్కపెట్టుకొనేవారో వీలైతే తెలియజేయండి. కాగితానికెక్కని ఆ లెక్కలు వారితోనే పోతున్నాయి.