అవ్వ మొహం మీద తెల్ల మచ్చలు

1972లో కొడాక్ సీ-41 తెచ్చింది. అంతకుముందున్న సీ-22కి 24 డిగ్రీలు చాలు, దీనికి 37.8 కావాలి, డెవలపర్లో 3 నిమిషాల 15 సెకన్లు. మా కోలారు ఇంట్లో ఆ లెక్క తప్పకుండానే రీలు కడిగాం. అయినా పాతింటి గడపలో కూర్చున్న అవ్వ మొహం నిండా తెల్ల మచ్చలు! మళ్ళీ తీద్దామంటే ఆ ఇల్లూ లేదు, అవ్వా లేదు.

నెగటివ్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాం. మచ్చ పైపైనే ఉంది. తప్పు రసాయనాలది కాదు, బోరు నీళ్ళది. మా బిందెల అడుగున కట్టే తెల్ల పొరే ఇది. డిస్టిల్డ్ వాటర్లో మళ్ళీ నానబెట్టి, ఆ నీళ్ళతోనే కలిపిన స్టెబిలైజర్లో ముంచి, ఇంక కడగకుండా ఆరేశాం.

మచ్చలు పోయినాయి. అవ్వ నవ్వుతా ఉంది.