బెర్గమాస్క నృత్యబాణి

ఇటలీదేశమున నుత్తరభాగమునందలి లొంబార్డీసీమలో నాల్ప్సు పర్వతముల పాదమున బెర్గమో యను నగరము కలదు. ఆ ప్రాంతపు గ్రామీణుల నృత్యమునకును దాని బాణికిని బెర్గమాస్క యని పేరు. పదునాఱవ శతాబ్ది ముగియకమున్నే యీ పేరు దేశాంతరములకు వ్యాపించెను. షేక్స్పియరు 1595 ప్రాంతమున రచించిన 'ఎ మిడ్సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకపుఁ గడపటి యంకమున, రాజు నెదుటఁ బ్రదర్శన మిచ్చిన పనివాండ్రు తుదకాడునది యీ నృత్యమే. అయినను, ఈ పేరుగల ప్రతి కృతియు నా బాణినుండియే పుట్టినదని తలంచుట యుక్తము కాదు.

మొదట బాణి లక్షణము నెఱుఁగవలయును. దాని మంద్రాధారము మన పరిభాషలో షడ్జము, మధ్యమము, పంచమము, మరల షడ్జము అను క్రమమున నడచును. ఈ చిన్న యావర్తము తిరుగుచుండఁగా వాద్యకారుఁడు దానిపై నెన్ని రూపభేదములనైనఁ గల్పింపవచ్చును. పల్లెనృత్యము పండితుల చేతఁ బడుటకు ముఖ్యకారణ మీ సరళతయే.

రోములోని సెయింటు పీటరు దేవాలయమున ఆర్గను వాద్యకారుఁడైన ఫ్రెస్కొబాల్డి 1635లో వెనీసున ముద్రింపించిన 'ఫియోరి మ్యూజికాలి' క్రైస్తవారాధనకై కూర్పఁబడిన గ్రంథము. దాని యంతమున నీ బాణిపై నొక కృతి కలదు. దీనిని వాయించువాఁడు చాల నేర్చునని కర్తయే దానిపై వ్రాసియున్నాఁడు. జర్మనీలో ల్యూబెక్కు నగరవాసియు, 1707లో మృతి నొందినవాఁడు నగు బుక్స్టెహూడే 'లా కాప్రిచ్చోజా' యను పేర దీనికి 32 రూపభేదములు రచించెను. జర్మనులీ బాణికి ఆకుకూరలను, దుంపలను గూర్చిన హాస్యపు మాటలు చేర్చి పాడుకొనిరి. 1741లో వెలువడిన బాఖు గోల్డ్‌బర్గ్ రూపభేదములలో ముప్పదియవదానియందు నాపాటయే మఱియొక జానపదగేయముతో నల్లుకొని వినవచ్చును. ఫ్రెస్కొబాల్డి గ్రంథపుఁ బ్రతి యొకటి 1714 నాఁటికే బాఖు నొద్ద నుండెను. ఇచట బాణి యున్నది. బెర్గమాస్క యను పేరు లేదు.

దీనికి విపర్యయముగా, దెబుస్సీ 1905లోఁ బ్రకటించిన 'స్వీట్ బెర్గమాస్క్'నఁ బేరున్నది. ఆ పేరు వెర్లేను కవి ప్రయోగమునుండి గ్రహింపఁబడినదందురు. అందలి నాలుగు భాగములలో నొకటియు నీ నృత్యము కాదు. 1923లో రెస్పీగి మాత్రము, 1650 నాఁటి జానొంచెల్లి వీణాజాతి వాద్యకృతిని మహావాద్యబృందమునకు మార్చి, బెర్గమాస్క యను పేరుతోనే నిలిపెను.

కావున నామమొక సాక్షి, స్వరము వేఱొక సాక్షి. రెండును గలిసినచో వంశక్రమము స్పష్టము. విడిపోయినచో స్వరముయొక్క సాక్ష్యమే బలవత్తరము. లేనియెడల బాఖు కృతిలోని పల్లెపాటను మఱచి, దెబుస్సీ కృతిలో లేని నృత్యమును వెదకుచుందుము.